అమ్మ వేసిన ఎత్తు

“ఇంత తొందరగా తెచ్చావేం? మీ అమ్మ ఒక ఎత్తు వేసేలోపు నాకు గడ్డం పెరుగుతుంది కదా!”

“ముందే ఆలోచించి పెట్టుకుందట నాన్నా. గుర్రం జరిపింది. చూడు.”

ఒకే బస్సు బోల్తా పడి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆసుపత్రిలో చేరారు. తుంటి విరిగిన తండ్రి పై అంతస్తులో, తల్లి కింద. మొన్న తల్లి పోయింది. ఆయన గుండె అసలే బలహీనం, ఆపరేషన్ అయ్యేదాకా చెప్పొద్దన్నాడు డాక్టరు. అందుకని కూతురు, వాళ్ళిద్దరూ పైకీ కిందికీ పంపుకుంటూ చదరంగం ఆడే ఆ పాత వీడియోగేమ్ పెట్టె పట్టుకుని మెట్లమీద కూర్చుని, తల్లి ఎత్తులు తనే వేసి తెస్తోంది. అబద్ధమాడటం ఆ పిల్లకి చేతకాదు, పాపం.

“ఏమంది?”

“ఎవరు?”

“మీ అమ్మ. ఇంకెవరు?”

“ఏమంటుంది... నువ్వు మందులు వేసుకున్నావా అని అడిగింది.”

“నా మందులా? ఆవిడా? పొద్దు పడమట పొడిచిందా ఏంటి!”

“ఆడు నాన్నా. కింద ఎదురుచూస్తూ ఉంటుంది.”

“ఈ పెట్టె నీకోసం కొన్నదే. పరుగెత్తే బొమ్మల ఆట కావాలని నువ్వు ఏడుస్తుంటే, కొట్టువాడు ఈ చదరంగం అంటగట్టాడు.”

“నేను ముట్టుకుంటే కదా! మీరిద్దరూ ముట్టుకోనిస్తే కదా!”

“మీ అమ్మ తొండి ఎలా చేస్తుందో తెలుసా?”

“అమ్మా? తొండి చేస్తుందా?”

“తన ఎత్తు వేశాక పెట్టె నాకివ్వదు. నా ఎత్తూ తనే వేసేస్తుంది. దిక్కుమాలిన ఎత్తు. ఆపైన మళ్ళీ తనది వేసుకుని, అప్పుడిస్తుంది. ఇదేంటే అంటే, ‘కునుకు తీస్తున్నావు, లేపడమెందుకని నీ బదులు నేనే వేశా’ అంటుంది.”

“నాకు... తెలీదు.”

“నీకెలా తెలుస్తుంది? కింద వార్డులో చేరాక కూడా మానలేదు. మొన్నటినుంచే, ఒక్కొక్క ఎత్తే వస్తోంది. బుద్ధిగా.”

“ఒంట్లో బాలేదు కదా, ఓపిక లేక...”

“తల్లీ.”

“పెట్టెలో సెల్లులు అయిపోయినట్టున్నాయి, కొత్తవి తెస్తా.”

“కూర్చో.”

“ఒక్క నిమిషం నాన్నా, ఇప్పుడే...”

“కూర్చోమన్నానా! ఆ చెయ్యి ఇటివ్వు. బాధ పడిందా?”

“...లేదు. నిద్రలోనే.”

“నువ్వు పక్కనే ఉన్నావా?”

“ఉన్నా.”

“మీ అన్నయ్య కానిచ్చేశాడా అంతా?”

“అయిపోయింది నాన్నా. నిన్ను తీసుకెళ్ళలేకపోయాం. కడసారి చూపు కూడా... డాక్టరు వద్దంటే వద్దన్నాడు.”

“ఊఁ. నా ప్రాణం పోయినా బావుండేది, ఒక్కసారి చూసుంటే.”

“నాన్నా...”

“ఏడు. ఏడిస్తేనే మంచిది.”

“మొన్నే తెలిసిపోయిందా నీకు? తెలిసే ఆడావా? గంటలు గంటలు ఆలోచించావు, ఏనుగు పోతే నన్ను పట్టుకుని అమ్మని తిట్టావు! నన్ను అడిగేయచ్చు కదా నాన్నా, ఎందుకు అడగలేదు?”

“‘అమ్మ వేసింది, అమ్మ వేసింది’ అంటూ ఆ మెట్లన్నీ ఎక్కి వస్తున్నావు కదే తల్లీ. నేను అడిగేస్తే, నీక్కూడా అమ్మ లేకుండా పోతుందని ఊరుకున్నా.”