తుఫాను కాళ్ళు తుడుచుకున్న ఇల్లు

ఆదివారం పొద్దున రేవు పట్నం సాన్ పేద్రోలో, సందు చివరి కిరాణా కొట్టు ముందు కుర్చీలేసుకుని అందరూ డొమినో బిళ్ళలాట ఆడుతుంటే, నెరేయిదా ఒక్కతే పనిమీద వచ్చింది. తల్లి పోయాక ఆవిడ ఇల్లు అమ్మాలని ఏడాదిగా తిప్పలు పడుతోంది. వచ్చినవాళ్ళు గోడల పెచ్చులు చూసి గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు. పెద్దగా ఖర్చు కాకుండా ఇంటిని ముస్తాబు చేసి అమ్మిపెట్టడంలో తిబూర్సియోని మించినవాడు లేడని ఆమెతో ఒకరన్నారు. ఆ అన్నది తిబూర్సియోనే అని ఇక్కడికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది.

"అదెంత పనమ్మా!" అన్నాడు తిబూర్సియో, ఆమె ఇప్పించిన బీరు గొంతులో ఒంపుకుంటూ. "రేవు పక్కన పచ్చ తలుపుల ఇల్లొకటి మూడేళ్ళు అమ్ముడుపోలేదు. నేను వెళ్ళా. ఒక బకెట్ సున్నం, మా అత్తగారి కర్టెన్లు, ఓ పాత నిలువుటద్దం. అంతే! ముందుగది రెండింతలైంది."

"అద్దం పెడితే అలాగే కనిపిస్తుందిలే," అంది నెరేయిదా. ఇంతవరకూ నమ్మొచ్చనిపించింది.

"కనిపించడం కాదమ్మా, అయింది! ఎదురుగా ఇంకోటి పెట్టా, నాలుగింతలు. మూడోది కూడా పెట్టానా, ఇల్లు చూడ్డానికొచ్చిన మొగుడూపెళ్ళాల్లో ఆవిడ హాల్లోకెళ్ళి తప్పిపోయింది. పొద్దున పోయిన మనిషి భోజనాల వేళకి వంటింట్లో తేలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అక్కడే కాన్పయిందా?" అన్నాడు కసిమీరో, చేతిలో బిళ్ళల మీంచి తలెత్తకుండా. టైర్లకి పంక్చర్లు వేసే మనిషి, మాట్లాడేదే తక్కువ.

"నువ్వూరుకో కసిమీరో! పొయ్యిమీద కాఫీ పెట్టా, దాల్చినచెక్క ముక్క వేసి. కొనేవాడికి ముందు ముక్కుని పట్టుకోవాలి, తెలుసా? ఆ వాసన వీధి దాటి, రేవు దాటి సముద్రంలోకి పోయింది. చక్కెర ఎత్తుకుని పోతున్న ఓడ నిలువునా వెనక్కి తిరిగింది! పద్దెనిమిదిమంది ఓడ కళాసులు కప్పులు పట్టుకుని గుమ్మంలో బారులు తీరారు. అప్పుడే వచ్చింది తుఫాను."

"అదీ కాఫీకేనా?" అన్నారెవరో. బల్ల చుట్టూ నవ్వులు.

"నవ్వండి, నవ్వండి! ఊళ్ళో ఇళ్ళకప్పు రేకులన్నీ గాల్లో ఉన్నాయి. అది నేరుగా ఆ ఇంటిమీదకే వచ్చి, కిటికీలోంచి తొంగిచూసింది. జాడీలో పూలు, కొత్త కర్టెన్లు, తళతళలాడే గోడ. గుమ్మం ముందు పట్టామీద కాళ్ళు తుడుచుకుని, ఇంత ముచ్చటైన ఇంటిని పాడుచేయడానికి మనసెలా వస్తుందని, పక్కవీధిలోంచి పోయింది."

"తుఫానుకి కాళ్ళుంటాయా?" అన్నాడు ఆడుతున్నవాళ్ళలో ఒకడు.

"నువ్వు చూశావా? నేను చూశా!" అని నెరేయిదా వైపు తిరిగాడు. "మీదీ అంతే. ముందు మీ అమ్మ సామానంతా తీసేయాలి. మంచం, పటాలు, ఆ ఊగే కుర్చీ. రేపే బండి తెస్తా. ఎక్కడో ఎందుకు, మా ఇంట్లోనే పెట్టుకుంటాలే."

ఆ కుర్చీలోనే నెరేయిదా అమ్మ ఆఖరిరోజు దాకా కందికాయలు ఒలిచింది. సరే అనాలో వద్దనాలో తేల్చుకుని ఆమె నోరు తెరిచేలోగా కసిమీరో చేతిలో బిళ్ళలు బల్లమీద పెట్టేశాడు.

"ఆ పచ్చ తలుపుల ఇల్లు ఎవరు కొన్నారు తిబూర్సియో?"

"రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి. అద్దాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"నేను కొన్నా. రేవు దగ్గర నా రెండో కొట్టుకి లారీలు నిలిపే చోటు లేక. లోపలికి అడుగే పెట్టలా. బయట టేపుతో కొలుచుకుని, కాగితాలు రాసుకుని, మర్నాడే కూలగొట్టించా. ఆ గాజుపెంకులు ఎత్తలేక కూలీలు నన్ను నానా తిట్లూ తిట్టారు. అవెక్కడివో ఇవాళ తెలిసింది."

తిబూర్సియో వెంటనే బల్ల చరిచాడు. "విన్నారా! లోపలికి కూడా చూడనివాడిచేత కొనిపించా!"

నెరేయిదా లేచి నిలబడింది. "మా అమ్మ సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. మా గోడకి పెచ్చులూడితే ఏదో ఒకటి పూసుకుంటా. నీ నోటికి ఏం పూస్తావు తిబూర్సియో?"