పంపులో పట్టిన ఊరి గాలి

టీ కొట్టు టీవీలో సైన్సు ప్రోగ్రాం వస్తోంది. సముద్రం మధ్యలో వంతెన స్తంభాలు ఎలా దింపుతారో చూపిస్తున్నారు. బెంచీ మీద రిటైరైన పోస్ట్‌మాన్ గారు, పక్క గదిలో బట్టలు కుట్టే నేను, బండి రిపేరుకిచ్చి వచ్చిన ఒక కొత్త లారీ డ్రైవరు కూర్చుని చూస్తున్నాం. టీ కొట్టు అక్క పొయ్యి దగ్గరుంది. ఎదురుగా సైకిల్ షాపు. ఆ షాపాయన్ని మేమంతా బాబాయ్ అంటాం. కొత్త మొహం కనబడితే చాలు, బాబాయ్ తలుపులు బార్లా వదిలేసి ఇటు వచ్చేస్తాడు.

వచ్చాడు. డ్రైవరు పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. కాసేపు టీవీ చూసి, ఏమీ ఎరగనట్టు అన్నాడు:

"ఇలాంటి ప్రోగ్రాంకి మనమూ ఒకసారి చిన్న సాయం చేశాంలే బాబూ. పెద్దదేం కాదు."

"టీవీ వాళ్లకా?" అన్నాడు డ్రైవరు.

అక్క నా వైపు చూసి, అడక్కుండానే ఇంకో టీ పోసింది.

"ఆ, టీవీ వాళ్లకే. మన టౌన్‌హాల్లో తీశారు. జనాన్ని కూర్చోబెట్టి, గాలికి ఎంత బలముందో చూపించడం. ఒక రేకు డబ్బా పెడతారు, ఇంత ఎత్తుది. దాన్లోంచి గాలి పీకేస్తే బయట గాలి నొక్కి డబ్బా నలిగిపోవాలి. మన నెత్తి మీద ఎప్పుడూ బోలెడు గాలి కూర్చునుంటుందట, మనకి తెలీదంతే. సరే, అన్నీ సిద్ధం. యాంకరమ్మ నవ్వుతూ స్విచ్చి వేసింది. వాళ్ల పంపు గుర్రుమంది, పొగొచ్చింది, చచ్చింది. జనం ఒకటే నవ్వు. ఆ పిల్ల మొహం చూడాలి, ఏడుపు ఆపుకుంటోంది పాపం. మొదటి ప్రోగ్రామట. పాడైతే ఇంక ఇంటికేనట. ఇంజనీర్లు నలుగురున్నారు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. నేను లేచి, అమ్మా, ఒక్క నిమిషం ఆగు అన్నాను."

"అని షాపుకొచ్చారు," అన్నారు పోస్ట్‌మాన్ గారు. ఆయన ఇది ఇంతకు ముందు విన్నారు.

"మీరు మధ్యలో రాకండి. షాపుకొచ్చి నా గాలి పంపు పట్టుకెళ్లాను. విప్పి, లోపలి తోలు వాషర్ తిరగేసి పెట్టాను. అంతే! గాలి కొట్టే పంపు గాలి లాగే పంపైపోయింది. ఇందులో కోతలేం లేవు బాబూ, ఎవరి పంపుకైనా చేసి చూడు."

డ్రైవరు తల ఊపాడు. "నిజమే, అలా చేయొచ్చని విన్నాను."

ఆ ఒక్క మాటతో బాబాయ్‌కి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది. లుంగీ సర్దుకుని ముందుకి జరిగాడు.

"విన్నావు కదా! మూడు లాగులు లాగాను. డబ్బా టపటపమని నలిగి, ఉండచుట్టిన కాగితంలా కింద పడింది. చప్పట్లు! హాలు దద్దరిల్లిపోయింది. యాంకరమ్మ నా దగ్గరికొచ్చి, బాబాయ్‌గారూ, ఇంకాస్త పెద్దది చేద్దామా అంది. పిల్ల అడిగాక కాదంటామా? బయట నీళ్ల ట్యాంకరొకటి ఆగుంది. నాలుగు లాగులు. ట్యాంకరు ఎండిన వంకాయలా ముడుచుకుపోయింది."

"ట్యాంకరే?" డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు.

"దాని డ్రైవరూ నీలాగే లబలబలాడాడు. ఏడవకు నాయనా అని వాషర్ మళ్లీ తిరగేసి గాలి కొట్టాను. ట్యాంకరు బుస్సుమని లేచింది. పాత సొట్టలు కూడా పోయాయి! ఏనాడో ఎవడో గుద్దిన సొట్ట, అదీ పోయింది. వాడు నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు."

"నా బండికీ ఒక సొట్టుందండీ," అన్నాడు డ్రైవరు మెల్లగా.

"చూద్దాంలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొరపాటంతా అక్కడే జరిగింది. మళ్లీ హాల్లోకొచ్చి ఇంకో డబ్బాకి గొట్టం తగిలించి లాగుతున్నాను. చప్పట్లు వింటూ ఒళ్లు మరిచిపోయాను. గొట్టం ఎప్పుడు ఊడిందో చూసుకోలేదు. డబ్బాలో గాలి కాదు, హాల్లో గాలి లాగేస్తున్నాను!"

"అయ్యో," అంది అక్క, గ్లాసులు కడుగుతూనే.

"కర్టెన్లన్నీ నా వైపు తిరిగాయి. తలుపులు బిగుసుకుపోయాయి, బయట గాలి నొక్కేస్తోంది కదా, ఏనుగొచ్చి లాగినా రావు. ఉన్నట్టుండి చప్పుడంతా ఆగిపోయింది. గాలి లేకపోతే మాట నడవదు, అది సైన్సు. యాంకరమ్మ నోరు కదులుతోంది, మాట లేదు. రెండో వరసలో మీ పిన్ని లేచి నిలబడి నన్ను తిడుతోంది, చేతులూపి మరీ తిడుతోంది. ఒక్క ముక్క వినబడలేదు! పెళ్లయిన దగ్గర్నుంచి అంత ప్రశాంతత నేనెరగను."

అందరం నవ్వాం. పోస్ట్‌మాన్ గారు మాత్రం బాబాయ్ భుజం మీదుగా వెనక్కి చూసి, గబుక్కున నవ్వు ఆపేశారు. నేనూ చూశాను. పిన్ని వచ్చి బాబాయ్ వెనకే నిలబడి ఉంది. కూర్చోమని నేను లేవబోతే, వద్దని చేత్తోనే సైగ చేసింది.

"గోడలు లోపలికి వంగుతున్నాయి," బాబాయ్ సాగిస్తూనే ఉన్నాడు. "ఆ డబ్బాకి పట్టిన గతే మనకీ అనుకున్నాను. అప్పుడు ఎవరు కాపాడారో తెలుసా? ఓ చంటిదాని చేతిలో బుడగ! చుట్టూ గాలి తగ్గేకొద్దీ అది ఉబ్బింది. గుమ్మడికాయంతైంది, గదంతైంది, చివరికి హాలంతా నిండిపోయి గోడల్ని లోపల్నుంచి ఆపింది. జనమంతా బుడగకీ గోడకీ మధ్య బల్లుల్లా అతుక్కుపోయారు. నేనూ అతుక్కుని, కిటికీలోంచి బయటికి చూశాను కదా, అక్కడింకా ఘోరం. కిటికీ సందుల్లోంచి ఊరి గాలి కూడా వచ్చేసింది! పిచ్చుకలు ఎగరలేక రోడ్డు మీద నడిచిపోతున్నాయి. ఆకాశంలో మబ్బులు ఆసరా లేక కిందికి దిగి, ఒకటి మన బస్టాపు బెంచీ మీద కూర్చుంది."

"బస్సెక్కిందా?" అన్నాను నేను.

"వెటకారం చేయకు. ఊరి గాలంతా నా పంపులో ఉంది! ఇంతే పంపు. చేతిలో పట్టుకుంటే కొండని మోసినట్టుంది. ఒక్కసారిగా వదిలానా, ఇళ్ల కప్పులు లేచిపోతాయి. వదలకపోతే జనం పోతారు. ఏం చేయాలి? ముందు యాంకరమ్మ ముక్కు దగ్గర కొంచెం వదిలాను. ఆ పిల్ల కళ్లు తెరిచింది. తర్వాత చంటిది. తర్వాత ముసలివాళ్లు. అలా ఒక్కొక్కళ్లకీ పేరుపేరునా ఊపిరి పోశాను. చివర్న ఇంజనీర్లు. వాళ్లకి కాస్త తక్కువే పోశాన్లే. మిగిలింది కిటికీలోంచి నెమ్మదిగా ఊరి మీదికి వదిలాను. మబ్బు లేచి పైకెళ్లింది. అయినా అడుగున కొంత మిగిలిపోయింది. ఇప్పటికీ మీ అందరి సైకిళ్లకీ నేను కొడుతున్నది ఆ గాలే."

డ్రైవరు మర్యాదగానే అడిగాడు. "మరి ఇదంతా టీవీలో వచ్చిందా అండీ?"

"రాకపోవడమేం? దేశమంతా చూసింది!"

"వచ్చింది బాబూ," అంది వెనకనుంచి పిన్ని.

బాబాయ్ తిరిగి చూడలేదు. టీ గ్లాసు ఖాళీ అయిపోయినా ఎత్తి తాగాడు.

పిన్ని గొంతులో కోపం లేదు. కూరల బేరమాడేటప్పుడు కూడా ఇంతకన్నా గట్టిగానే మాట్లాడుతుంది. "వాళ్ల పంపు బాగానే ఉంది. డబ్బాకే ఎక్కడో చిల్లి పడి, గాలి నిలవడం లేదు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టిన మాట నిజమే. ఎవరైనా వచ్చి కాస్త వేలు అడ్డం పెడతారా అంది. అంతమందిలో ఒక్కళ్లూ కదల్లేదు. ఈయన వెళ్లారు. డబ్బా వెనక నేల మీద చతికిలబడి బొటనవేలు పెట్టారు. డబ్బా నలిగింది, చప్పట్లు కొట్టారు, అంతా బాగుంది. వేలు మాత్రం చిల్లిలో ఇరుక్కుపోయింది. సబ్బునీళ్లు పోసి లాగితే గానీ రాలేదు. ఆ పిల్ల నవ్వాపుకోలేక, వెళ్లేటప్పుడు ఈయనకి దణ్ణం పెట్టి వెళ్లింది."

"పోనీలెండి, టీవీలో కనబడ్డారుగా," అన్నాడు డ్రైవరు.

"దానికోసం చుట్టాలందర్నీ పిలిచారు బాబూ. మా ఆడపడుచు పిల్లల్నేసుకుని వచ్చింది. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ప్రోగ్రాం అయిపోతోంది, ఈయన తెర మీదికి రారు. ఇప్పుడొస్తాను, ఇప్పుడొస్తాను అంటారు. చివర్లో డబ్బాని దగ్గర్నుంచి చూపించారు. దాని పక్కన, చిల్లిలోంచి అప్పుడే ఊడొచ్చిన ఒక బొటనవేలు. అంతే. ఎవరిదో ఎవరికీ అర్థం కాలేదు. గదిలో అందరూ ఈయన మొహం చూడలేక టీవీ వైపే చూస్తూ కూర్చున్నారు. మా అత్తగారే కళ్లజోడు సర్దుకుని టీవీ దగ్గరికెళ్లి చూసి, 'మా వాడే. గోరు కొరకడం ఇంకా మానలేదు వెధవ' అన్నారు."

మేమందరం ఒక్కసారే బాబాయ్ చేతి వైపు చూశాం. అది అప్పటికే జేబులోకి వెళ్లిపోయింది.