అన్నకు సద్ది

చింతబాయి దిక్కు గొర్లు గూడ పోవు, మీకు తెల్సు గదా పోరగాండ్లూ. గడ్డి మోకాలెత్తున్నా అటు మూతి వెట్టవు. ఎందుకో చెప్త, గని నడుమ నవ్వొద్దు. నవ్వొచ్చే కతనే, అయినా నవ్వొద్దు.

అప్పుడు మన ఊరికి ఇద్దరు మొగుళ్లు. పొద్దుగూకితె అన్నలు, అంటె అడవిల తుపాకులు వట్టుకొని తిరిగే నక్సలైట్లు. తెల్లారితె పోలీసోళ్లు. వీళ్లు సర్కారును కూలగొడ్తమంటిరి, వాళ్లు వీళ్లను లేకుంట జేస్తమంటిరి, ఏండ్లకేండ్లు గడిచె, ఇద్దరికీ కోసింది మన కోడినే.

ఇగ కుర్మోల్ల ఓదెలు ఉండె. గొర్ల కాపరి. తుపాకి సంగతి దేవుడెరుగు, తోడేలొస్తె గొంగడి కప్పుకొనేటోడు. వాని చెల్లె కొంరవ్వ దినాం మిట్టమధ్యాహ్నం వానికి సద్ది వట్టుకపోయేది. ఓనాడు తొవ్వల పోలీసోళ్లు ఆపిండ్రు. కొత్తగొచ్చిన సారొకడు, ఎవలికే సద్ది అని అడిగిండట. అన్నకు సారూ, అన్నది. ఇంకేముంది, సారు చెవులు నిక్కినయ్. ఎంతమంది అన్నలే, అన్నడట. ఒక్కడే సారూ, పెద్దన్న, చింతబాయి కాడున్నడు, అన్నది. ఆ పిచ్చిది తోడవుట్టినోని గురించి చెప్తాంది, ఈ చదువుకున్నోడు దళం నాయకుడే దొరికిండనుకున్నడు. మనిషిని జూసి అడగొచ్చు గదా? అడిగితె సర్కారు మెడల్ ఎట్లొస్తది? ఓదెలు నీళ్లు తాగుతుంటెనే కాల్చిండ్రు. వాని చేతికట్టె అవతల ఇసిరేసి, పక్కన తుపాకి వెట్టి ఫొటో దీసిండ్రు.

అన్నలన్నా మంచిగుండిరా? వాడు తమోడు గాదని వాళ్లకు తెల్వదా? తెల్సు. అయినా అమరుడు దొరికిండని ఎర్ర స్తూపం కట్టి, కామ్రేడ్ ఓదెన్న అని రాసి, పాటలు వాడిండ్రు. కొంరవ్వ ఎదురువోయి, మా అన్న గొర్లు గాసినోడు, ఆ పేరు తీసెయ్యుండ్రి అని మొత్తుకున్నది. వాళ్లు తియ్యకపోగా, వాని జాడ చెప్పింది నువ్వే గదా, ఇన్‌ఫార్మర్‌వి నువ్వే, అని పదిమందిల మోకాళ్ల మీద కూసోవెట్టిండ్రు. తుపాకులున్న పన్నెండు మంది, ఒక్క ఆడమనిషి మీద.

అప్పుడామె మన ఇండ్లకచ్చింది. విచారణకొచ్చిన తాసిల్దారుకు, మా అన్న గొర్ల కాపరి అని ఒక్క మాట చెప్పుండ్రి అని కాళ్లు వట్టుకున్నది. ఎవ్వలు చెప్పలె. మర్నాడు మధ్యాహ్నం సద్దిగిన్నె గడ్డ మీద వెట్టి బాయిల వడ్డది.

ఇగ ఆనాటి నుంచి మధ్యాహ్నమయితె చాలు, బాయిలకెల్లి అన్నా అని పిలుపు. పోలీసోళ్లు ఇని, లోపల నక్సలైట్లున్నరని నీళ్లల్లకు కాల్చిండ్రు, కప్పలు సచ్చినయ్. తర్వాత అన్నలచ్చిండ్రు. జనం తమను పిలుస్తాండ్రనుకొని నాయకుడు వంగి, చెప్పు చెల్లె అన్నడట. నువ్వు గాదు, అన్నదట లోపలికెల్లి. ప్రపంచాన్ని మారుస్తనన్నోడు చెప్పులిడిసి ఉరికిండు.

మరి మనమేమన్నా తక్కువనా? ఓదెలు నక్సలైటే అని పోలీసోళ్లు రాసిన పంచనామ కింద మనూరోళ్ల ఏలిముద్రలు ఐదున్నయ్. మమ్ముల కొట్టలె, తిట్టలె. వెట్టుమన్నరు, వెట్టినం. అండ్ల ఒకటి నాది. యాదికొస్తె ఇప్పటికీ నా మీద నాకే రోతయితది.

అందుకే చెప్తున్న, అటు పోకుండ్రి. పోతె మిమ్మల్నేం జెయ్యది, ఎవలి మనుమడివి బిడ్డా అని అడుగుతది, అంతే. నా పేరు మాత్రం చెప్పకుండ్రి.