బాబాయి లాగిన్

నీటి శుద్ధి ప్లాంటు కంట్రోల్ రూములో షిఫ్టు మారే వేళ. ఎవరి లాగిన్‌కి ఏ హక్కు ఇవ్వాలో చూసే ఆమె పక్కన వయసు మళ్లిన ఆపరేటరు ఒకాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నా లాగిన్‌లో వాల్వులు తిప్పే హక్కు తీసెయ్యమ్మా.”

“ఏమైంది బాబాయ్?”

“చెయ్యి వణుకుతోంది. పొద్దున ఒకటి మూయబోయి పక్కది నొక్కాను. వెంటనే సరిచేశాలే.”

“ఎవరూ చూడలేదుగా?”

“నేను చూశాగా.”

ఆమె మౌస్ మీద చేయి పెట్టింది గానీ కదపలేదు. వాల్వులు తిప్పే పని ఆమెకు నేర్పింది ఆయనే.

“తీసేస్తే మిమ్మల్ని గేటు దగ్గర కూర్చోబెడతారు.”

“కూర్చోబెట్టనీ. ఊరికి మురికినీళ్లు వదలడం కంటే నయం.”

“ఇంకో స్థాయి హక్కు ఉంది బాబాయ్. వాల్వు మేం తిప్పుతాం. మీరు దాని నంబరు కొట్టి సరే అంటేనే అది కదులుతుంది.”

“చెయ్యి వణికి తప్పు నంబరు పడితే?”

“ఏదీ కదలదు. మళ్లీ కొడతారు.”

“అంతసేపూ మీరంతా నా కోసం ఆగాలిగా!”

“నేను పని నేర్చుకున్న ఏడాదంతా మీరు ఆగలేదా?”

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

“సరే, పెట్టు. ఏదీ, ఒకటి తిప్పు. ఒప్పుకోవాలో వద్దో నేను చెబుతా.”