వరదానంగారి కరెంటు

ఏటి బాబూ, సోలారు పేనల్ బిగించీసేవా? దిగి కూకో, సెమట ఆరనీ. దాన్లోంచి వొచ్చేది డీసీయే గదా, ఈ డబ్బా దాన్ని ఏసీ సేస్తాది, అంతేనా? లైన్‌మేనుగా ముప్పయ్యారేళ్ళు సేసినోణ్ణి, ఆమాత్రం తెల్దేటి. డీసీ అంటే నాకు వరదానంగారే గేపకం. మన ఊరికి లైను రాకముందు పాదిరీల మిషను ఆస్పత్రికి సొంత ఇంజనుండీది, గాజు జాడీల్లో బేటరీలు, ముప్పైరెండు వోల్టులు. అయ్యన్నీ ఆయనే సూసీవోరు. చొక్కా నిండా ఏసిడ్ చిల్లులే. తీగలో కరెంటుందో లేదో సేతివేళ్ళు రెండు పెట్టి సూసీవోరు. ముప్పైరెండు వోల్టులు ఏటి సేస్తాది, తడి సేతికైతే చీమ కుట్టినట్టుంటాది. ఇరవయ్యేళ్ళ అలవాటు.

అరవై రెండులో ఆస్పత్రికి లైను లాగడానికి నన్నంపేరు. అప్పటికి నాకు ఇరవై రెండు. వరదానంగారు స్టూలేసి కూకోబెట్టి, టీ ఇప్పించి, రెండు కరెంట్లకీ తేడా ఏటో సెప్పమన్నారు. నాను గొప్పకి పోనాను. మీది ఒకే వేపు పోతాదండి, మాది సెకనుకి ఏభైసార్లు అటూ ఇటూ ఊగుతాది, మాది కొండల్లో పుట్టి ఇక్కడిదాకా వొస్తాది, మీది ఆ గోడ దాటితే నీరసపడిపోతాదని. ఆయన పుస్తకంలో రాసుకున్నారు. మాది రెండొందల ముప్పై వోల్టులు, వేళ్ళు పెట్టొద్దని మాత్రం సెప్పలేదు. నోటిదాకా వొచ్చింది. తండ్రి వయసు మనిషి, ఆ పనిలో తల పండినోరు, ఆయనకి నాను సెప్పడమేటనిపించింది.

లైనిచ్చిన తొమ్మిదో రోజు మధ్యాన్నం మందుల గదిలో లైటు ఎలగలేదు. అప్పుడే కడిగిన గచ్చు, కాళ్ళకి సెప్పుల్లేవు. స్విచ్చి ఇప్పి రెండు వేళ్ళూ పెట్టేరు.

నాను సైకిలేసుకుని ఎల్లేసరికే పేణం పోయింది, బెంచీ మీద పడుకోబెట్టేరు. ఆయన భార్య కృపామణిగారు ఏడవట్లేదు. నన్నే సూసి, "ఆయనకి సెప్పలేదా తమ్ముడూ?" అంది.

"సెప్పేనండి" అన్నాను.

మరేటి, నోటికదే వొచ్చింది. ఆవిడ ఆయనకేసి తిరిగి, "ఎవరు సెప్పినా ఇనరు గదా మీరు" అంది, మెల్లిగానే. అది మొదలు పలకరించడానికి ఎవరొచ్చినా అదే మాట, కుర్రోడు సెప్పేడు, ఈయనే ఇన్లేదని. ఏటా క్రిస్మస్‌కి నాకు పిండివంటలు పంపీది. సొంత తమ్ముడికి పంపినట్టే. అన్నీ తిన్నాను బాబూ. ఎన్నిసార్లు సెప్పేద్దామని ఎల్లేనో, కూకుని కాఫీ తాగి వొచ్చీసేవోణ్ణి. కరోనాకి ముందేడు పోయింది ఆవిడ. శవపెట్టి మూసేదాకా పక్కనే ఉన్నాను. ఇప్పుడు ఈ ఊళ్ళో ఆయన మొహం ఎరిగినోణ్ణి నానొక్కణ్ణే. తప్పు ఆయనది కాదని ఎవరితో సెప్పను...

ఎండ దిగిపోతంది. నీ రావికమతం బస్సు ఎన్నింటికన్నావు?