నా పేరు మీద నాకు తెలియని రెండు సిమ్ములు

సభాధ్యక్షులు, మా ప్రధానోపాధ్యాయులు వెంకటనర్సయ్య గారికి, నా పదవీ విరమణ సభకు మండలం నుంచి శ్రమపడి వచ్చిన విద్యాధికారి గజేందర్ గారికి, నా తోటి ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు, పిల్లలకు, తలుపు దగ్గర నిలబడి వింటున్న మా వంట ఐలవ్వకు నమస్కారం. ఐలవ్వా, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చో. (విరామం) రాదు. సరే, అక్కడి నుంచే విను.

ఇంతసేపూ మాట్లాడినవారంతా స్వరూప మేడం మచ్చలేని మనిషి అన్నారు. సంతోషం. ఈ మాటే రెండున్నరేళ్ల కిందట ఒక్కరు, ఒక్క కాగితం మీద రాసిచ్చి ఉంటే ఈ శాలువా నాకు ఇంత బరువనిపించేది కాదు.

నేను జీవశాస్త్రం టీచరుని. ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకలా ఉండవని ముప్పై ఏళ్లు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. చివరికి ఆ వేలే నన్ను ఠాణా మెట్లెక్కించింది. (నవ్వులు) నవ్వండి, ఫర్వాలేదు.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం నేనూ ఐలవ్వా కొత్త సిమ్ముల కోసం సిద్దిపేట పాత బస్టాండు దగ్గరికి వెళ్లాం. రోడ్డు పక్కన గొడుగు వేసుకొని ఒకతను కూర్చున్నాడు. ఆధార్ జిరాక్సు తీసుకొని, మిషన్ మీద వేలు పెట్టమన్నాడు. పెట్టాను. "ఏలు సక్కగ పడలే మేడం, ఇంకోపారి పెట్టున్రి" అన్నాడు. పెట్టాను. "సర్వర్ డౌనున్నది, ఇంకొక్కపారి" అన్నాడు. సుద్దముక్కలు పట్టీ పట్టీ నా వేలి గీతలే అరిగిపోయాయేమోనని అనుకొని మళ్లీ పెట్టాను. నేను వేలు పెట్టిన ప్రతిసారీ నా పేరు మీద ఒక సిమ్ము తీశాడు. ఒకటి నాకిచ్చాడు, రెండు ఎవరికో అమ్ముకున్నాడు.

ఆరు నెలలకు, మధ్యాహ్నం భోజనాల వేళ వందన అనే అమ్మాయి మన స్టాఫ్ రూముకు వచ్చింది. నర్సు కోర్సు చదువుకున్న పిల్ల. తనను మోసం చేసిన ఫోను నంబరు ఎవరి పేరున ఉందో పోలీసులు చూస్తే నా పేరు వచ్చిందట. మా ఇంటికి వెళ్తే తాళం ఉంది, పక్కింటివాళ్లు బడి చూపించారు.

"స్వరూపంటె నువ్వేనా? నీ నంబరుకెల్లే ఫోనచ్చింది. దవాఖానల నౌకరని జెప్పి నా సర్టిఫికెట్లన్ని పార్సిల్ జేయించుకున్నరు. పిల్లలకు సదువు జెప్పుకుంట గిదేం పని?" అంది.

"అమ్మా, ఆ నంబరు నాది కాదు" అన్నాను.

"నీ ఆధార్ మీదున్నది నీది గాకపోతె ఎవలది?"

ముప్పై ఏళ్ల సర్వీసు ఉంది కదా, ఎవరైనా ఒక మాట అంటారని చుట్టూ చూశాను. హరీశ్ సారు ఫోన్ చూసుకుంటున్నారు. సుచిత్ర మేడం టిఫిన్ మూత పెట్టి బయటికి వెళ్లిపోయారు. వారం తిరగక ముందే స్టాఫ్ మీటింగులో పెద్దసారు ఉత్తర్వు చదివారు. "పాఠశాల గౌరవం దృష్ట్యా స్వరూప గారిని పదో తరగతి బోధన నుంచి తప్పించడమైనది." గట్టిగా, అందరికీ వినపడేటట్టు చదివారు.

ఆ తర్వాత నా పక్కన కూర్చొని అన్నం తిన్నవారు లేరు. ఒకరోజు ఐలవ్వ గిన్నెలు కడుగుతూ పిలిచింది. "మేడం, ఆ సిమ్ములాయన నాతోని సుత మూడుపార్లు ఏలు పెట్టిచ్చిండు, యాదికున్నదా?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. టెలికాం శాఖ వెబ్‌సైట్లో మన పేరున ఎన్ని నంబర్లున్నాయో చూసుకోవచ్చని తెలుసుకొని, ఇద్దరివీ చూశాం. నా పేరున మూడు, ఐలవ్వ పేరున తన పాత నంబరుతో కలిపి నాలుగు. మావి కానివాటికి అక్కడే ఫిర్యాదు పెట్టి, ఆ కాగితాలతో ఠాణాకు వెళ్లాం. ఐలవ్వ ఒకరోజు పని మానుకొని వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. "నాకు సదువు రాదు సార్, గని ఏలు ఎన్నిపార్లు పెట్టిననో లెక్క జెప్పస్తది" అంది. ఆ మాట మీదే విచారణ మలుపు తిరిగింది. నంగునూరు, చిన్నకోడూరు వైపు ఇలాగే మోసపోయినవారు ఇంకో పదకొండు మంది బయటపడ్డారు. ఆ సిమ్ములతన్ని పట్టుకున్నారు. కేసులోంచి నా పేరు పూర్తిగా తొలగడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

పిల్లలూ, ఇది పరీక్షలో రాదు, అయినా ఇంట్లో చెప్పండి. వేలు ఒకసారి పెట్టాక పడలేదంటే, ఎందుకు పడలేదో చూపించమని అడగాలి. జిరాక్సు మీద దేనికిచ్చామో, ఏ తారీఖున ఇచ్చామో రాసి సంతకం చేయాలి. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది, నేను వేసుకున్నాను. మోసం జరిగిందని తెలిసిన రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. సిగ్గుపడి ఊరుకుంటే అవతలివాడికే మేలు. నేను మూడు వారాలు ఊరుకున్నాను.

వందన మీద నాకు కోపం లేదు. తనూ నాలాగే మోసపోయింది. తన డూప్లికేట్ సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ నేనూ వెంట తిరిగాను. ఇప్పుడు ఒక దవాఖానాలో పనిచేస్తోంది.

పోలీసులు ఇచ్చిన లేఖ తెచ్చి పెద్దసారుకు ఇచ్చి ఏడాది దాటింది. ఉత్తర్వు చదివినట్టే దీన్నీ మీటింగులో చదవండి సార్ అని అడిగాను. "ఫైల్ల పెట్టిన మేడం. అయిపోయిన ముచ్చట మళ్ల లేపుడెందుకు?" అన్నారు. పదో తరగతి మళ్లీ నా చేతికి రాలేదు. వెంకటనర్సయ్య గారూ, కుర్చీలో ఇబ్బందిగా కదలకండి, ఇంకెంతో సేపు లేదు.

ఆ లేఖ నకలు నా దగ్గర ఉంది. (కాగితం విప్పి) "ఈ కేసులో శ్రీమతి స్వరూప నిందితురాలు కాదు, బాధితురాలు."

అంతే. ఒక్క వాక్యం. చదవడానికి ఎంతసేపు పట్టిందో మీరే చూశారు.

ఐలవ్వకు నా కృతజ్ఞతలు. మిగతా అందరికీ సెలవు.