నూకమ్మ బండి మీద చెయ్యి వెయ్యకండి

జంషెడ్‌పూర్, అగ్రికో మైదానం. 1981 డిసెంబరులో ఒక ఆదివారం, పొద్దున్న తొమ్మిది. వికలాంగుల ఆటల సంఘం వారి, చేత్తో పెడలు తిప్పే మూడు చక్రాల బళ్ళ పందెం ఇంకో పావుగంటలో మొదలవ్వాలి. బండిలో నూకమ్మ, పక్కన ఆమెకు వాలంటీరుగా వచ్చిన ఆదిబాబు. ఆ పూట అతనంత బుద్ధిగా ఉన్న మనిషి ఆ మైదానంలో ఇంకొకడు లేడు. ఆ బుద్ధి ఎంతసేపుంటుందో మాత్రం మనం పూచీ పడలేం.

"ఇంకా గట్టిగా బిగించు, నూకమ్మా. సేతులకి కట్టిన తువ్వాలు వదులుగా ఉంది."

"రగతం ఆగిపోద్దేమో, అన్నా."

"ఆగిపోనీ. నిరుడు నీ పందెం పాడుసేసినవి ఈ సేతులే కదా."

"సేతులదేటి తప్పు? ఆటి పైన ఉన్న బుర్రది గానీ."

"బుర్రకేటీ తెల్దు, నూకమ్మా. నా డ్యూటీ ఏటి? పద్దెనిమిదేల్ల బట్టి ఫ్యాక్టరీలో ట్రాలీ తొయ్యడమే కదా. సక్రం కనపడితే సాలు, ఈ రెండూ ముందుకెల్లిపోతాయి. మొన్న బజార్లో ఎవలిదో సంటిగుంట బండి... తల్లి పక్కనే ఉంది... కూరల దుకాణం దాకా తోసుకుపోయేను."

"ఆ తల్లేటంది?"

"ఏటంటాది, సెప్పు తీసింది."

"నాకూ సెప్పులుంటే నిరుడు నానూ తీద్దును."

"అలగనకు. నిరుడు నానేటి సేసేను? ఆఖర్న ఒక్క పది గజాలు, ఒక్క ఏలు..."

"ఒక్క ఏలే?"

"రెండేల్లనుకో."

"ఊఁ."

"ఊఁ ఏటి, ఊఁ! ఫస్టులో ఉన్నావు నువ్వు! ఫస్టు! ఆ కప్పు నీదే. గీత కాడ నిలబడ్డ నరసింహం సారు నా సెయ్యి సూసీసి నీ పేరు కొట్టేసేరు. ఏడాది బట్టి అందరికీ అదే సెప్తన్నాను, నూకమ్మే ఫస్టు, తప్పు నాదీ అని. ఏడాది బట్టి నాకు అన్నం సయించట్లేదు."

"అందుకేనా పొట్ట ఇలగ పెరిగింది?"

"అది గాలి."

"అన్నా, ఇటు సూడు. నాకు కప్పొద్దు. నాకొక్కటే కావాల. ఆ సున్నం గీత నా సేతుల్తో దాటాల. బండి మీద ఎవలి సెయ్యీ పడకుండా. ఒక్కపాలి."

"దాటుతావు."

"నీకు తెల్దు. మా పేట జుగ్సలాయిలో నాను బండెక్కితే సాలు, పున్నెం కావాలన్నోలందరికీ నానే దొరుకుతాను. సోమారం కుట్టుమిషనుకి దారం ఉండలు కొందారని బయల్దేరేను. ఎవలో మారాజు, అడగనేదు పెట్టనేదు, 'చలో దీదీ' అని ఎనకనించి తోసుకుంటూ ఒట్టుకెల్లి టేషను కాడ ఒగ్గేసేడు."

"టేషనుకా!"

"'బాబూ, నాకు టేషన్లో పనినేదు' అంటే, 'కోయీ బాత్ నహీ', పరవానేదు అన్నాడు. అని సెయ్యూపి ఎల్లిపోయేడు. మల్లీ ఎనక్కి రావడానికి గంటన్నర పట్టింది. దారాల కొట్టు కట్టేసేరు... నవ్వుతున్నావేటి?"

"నవ్వట్లేదు. దగ్గు."

"నిన్నెందుకు మల్లీ రానిచ్చేనో తెలుసా? బండికొక వాలంటీరు ఉండితీరాలంట. కొత్తోడైతే ఏ పక్కనించి తోత్తాడో తెల్దు. నువ్వైతే తెలుసు."

"అందుకే కట్టమన్నాను కదా. ఇంకో ముడెయ్యి."

"ఏమిటిది ఆదిబాబూ! ఎవరు కట్టేశారు నిన్ను?"

"నూకమ్మే, నరసింహం సారూ. నానే కట్టమన్నాను."

"నేను వాలంటీర్ల ఇన్‌చార్జిని. నా వాలంటీరు చేతులు వెనక్కి కట్టించుకుని నిలబడితే చూసేవాళ్ళేమనుకుంటారు? దొంగ దొరికాడనుకుంటారు."

"అనుకోనీండి సారూ. రూలేటన్నాది? వాలంటీరు బండి పక్కన ఉండాల, బండిని ముట్టుకోకూడదు. అంతే కదా?"

"అంతే."

"సేతులు కట్టించుకోకూడదని ఉందేటి?"

"లేదు. రూల్సు రాసింది నేనే. నీలాంటివాడొకడు వస్తాడని నాకు తట్టలేదు."

"సారూ, వాలంటీరు కాదు, ఇంకెవలైనా ముట్టుకుంటే?"

"ఎవరు ముట్టుకున్నా నీ పేరు కొట్టేయాల్సిందే, నూకమ్మా. పందెం పందెమే. నిరుడూ నాకు చాలా బాధేసింది, కానీ కొట్టేశాను. అదుగో, చీఫ్ గెస్టు ఈ పందేనికీ వచ్చేశారు. బంగార్రాజు గారని పెద్ద కాంట్రాక్టరు. చాలా జాలిగుండె మనిషి. మన గుడ్డివాళ్ళ పరుగు చూసి పొద్దున్నుంచి రెండు రుమాళ్ళు తడిపేశారు. మీరు గీత దగ్గరికి పదండి."

"పద, నూకమ్మా."

"నాను పోతాను, నువ్వు నడు. భుజంతో తోత్తున్నావేటి!"

"అయ్యో, తెలీకుండా ఆనేసింది."

ఈల మోగింది. అయిదు బళ్ళూ కదిలాయి, వాటి పక్కన అయిదుగురు వాలంటీర్లూ కదిలారు. ఆదిబాబు నోరు అందరికంటే ముందు కదిలింది.

"పద, పద, పద! కుడిసెయ్యి ఒంచి తిప్పు! ఊపిరి ఒగ్గకు! ఊపిరి..."

"నీ ఊపిరి సూసుకో ముందు."

"నాకేటి... నాకు... బాగానే ఉంది. నూకమ్మా, ముక్కు మీద ఈగ వాలింది."

"తోలుకో."

"దేంతో తోల్తాను! నూకమ్మా, ఒక్కపాలి నీ సెయ్యి..."

"నా సెయ్యి పెడలు మీదుంది!"

"రూలు పెకారం నాను నీ బండిని ముట్టుకోకూడదు గానీ నువ్వు నా ముక్కు ముట్టుకోవచ్చు. సారునడుగు కావాలంటే."

"అవతలికి పో!"

"అవతల కాలవుంది. అదుగో, ఆ గడ్డపాయన బండిని అందుకో. దుమ్ము లేపుతున్నాడు, ఎదవ."

"ఎదవేటి, పాపం. బాగా తిప్పుతున్నాడు."

"అవతలోన్ని మెచ్చుకుంటే ఎలగ! కోపం తెచ్చుకో! నన్ను తలుసుకో, కోపమొచ్చెత్తాది!"

"తలుసుకోవడమేటి, ఎదురుగానే ఉన్నావు కదా!"

"అరే భాయ్, ఖడా క్యా హై, ధక్కా లగావో!"

"ఎవడ్రా అది? తొయ్యమంటన్నాడు సూడు, జనంలోంచి! చుప్! తొయ్యకూడదు! నూకమ్మా, ఆన్ని పట్టించుకోకు."

"నాను పట్టించుకోట్లేదు. నువ్వు ముందు సూసి నడు!"

"సక్రం సూత్తన్నాను. ఎనక సక్రం ఏటో కాస్త వంకరగా... ఓలమ్మో!"

"అన్నా! ఏటైంది?"

"కాలవలో పడ్డాను! ఆగకు!"

"నెగగలవా?"

"సేతులు కట్టుంటే ఎలగ నెగుతాను! ఎల్లిపో అంటన్నాను కదా!"

"ఎల్లిపోతన్నాను... నీల్లున్నాయేటి?"

"బురదే! మెత్తగా బాగుంది! ఎల్లు!"

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ప్రథమ చికిత్స వాలంటీరు కుసుమకుమారి గారికి పొద్దున్నుంచి దెబ్బ తగిలినవాడు ఒక్కడూ దొరకలేదు. పాపం, ఆవిడ మాత్రం ఎంతసేపని ఓర్చుకుంటారు?

"దొరికాడు! అప్పన్నా, స్ట్రెచరు! తవిటయ్యా, నువ్వు కాళ్ళు పట్టుకో!"

"అమ్మగారూ, నాకేటీ అవనేదు. ఈ ముడొక్కటి ఇప్పండి, సాలు."

"మాట్లాడకు నాయనా, షాక్‌లో ఉన్నావు. అయ్యయ్యో, రెండు చేతులూ వెనక్కి మెలిపడిపోయాయి."

"మెలిపడనేదమ్మగారూ, కట్టేసేరు!"

"ఎవరు?"

"నూకమ్మ."

"నూకమ్మ అక్కడ పందెంలో ఉందయ్యా. అప్పన్నా, మతి కూడా కాస్త చలించింది, రాసుకో. ఊఁ, ఎత్తండి!"

"నన్నడగండమ్మగారూ! ఓ మాట నన్నడగండి!"

"అడిగేదేముంది, కనబడుతూనే ఉందిగా."

"ఎటొట్టుకెల్తన్నారు? గీత ఇటుంది! నూకమ్మ దాటడం నాను సూడాల!"

"టెంటు అటుంది కదా."

"నాకు టెంటులో పనినేదు!"

"పరవాలేదు, పరవాలేదు."

"పరవానేదా! ఓరి దేవుడా... నూకమ్మా! రోజూ ఇలగుంటాదా నీకు!"

"కలవరిస్తున్నాడు. అడుగు వెయ్యండి, త్వరగా."

"అమ్మగారూ, ఆగండి. ఆ తెల్లకోటాయన మైదానంలోకి ఎందుకు దిగుతున్నాడు?"

"బంగార్రాజు గారా! చూశావా, నూకమ్మ ఆయాసపడుతుంటే చూడలేకపోయారు పాపం. చేతులు చాచుకుని ఎలా వెళ్తున్నారో! మనసంటే అదీ."

"తోసేత్తాడు! అప్పన్నా, దింపరా! తోసేత్తాడు!"

"తొయ్యనీ నాయనా. ఆ పిల్లకీ కాస్త సాయం."

"సాయం కాదమ్మగారూ, పేరు కొట్టేత్తారు! నిరుడు నాను సేసింది ఇదే! ఒగ్గు, తవిటయ్యా, కాలొగ్గు!"

"పట్టుకోండి! పేషెంటు పారిపోతున్నాడు! ఉన్నది ఒక్కడే పేషెంటు!"

"జరగండి! జరగండి! బంగార్రాజు బాబూ! ఆ బండి ముట్టుకోకండి!"

"ఎవరయ్యా నువ్వు, ఒళ్ళంతా బురద... అయ్యో, చేతులు లేవా నీకు? అయ్యయ్యో, భగవంతుడా..."

"ఉన్నాయి బాబూ, ఎనకాలున్నాయి. మీరు ఎనక్కెల్లి కూకోండి."

"ఉండు నాయనా, ముందు ఆ తల్లికి ఒక్క చెయ్యి వేసి వస్తాను, తరవాత నీ సంగతి చూస్తాను."

"ఒద్దు బాబూ, ఎయ్యకండి! ఒక్క సెయ్యి కూడా ఎయ్యకండి! ఎంతో దూరం నేదు, ఆమే దాటుతాది!"

"నా మనసు ఒప్పడం లేదయ్యా. తప్పుకో."

"తప్పుకోను. చమించండి బాబూ. సేతులు కట్టున్నాయి. తలకాయొక్కటే ఉంది నాకు."

"అమ్మా! నా కడుపు!"

"ఆదిబాబూ! చీఫ్ గెస్టుని పొడిచేశావేమిటయ్యా! లే, మీద నించి లే!"

"ఎలగ నెగను, నరసింహం సారూ? సేతులు... సారూ, నూకమ్మ దాటిందా?"

"చీఫ్ గెస్టు మీద బోర్లా పడుకుని ఆ ప్రశ్నలేమిటి!"

"ఎవలైనా ముట్టుకున్నారా, సారూ? సెప్పండి! సేతులుంటే మీ కాల్లు ఒట్టుకుందును!"

"ఎవరూ ముట్టుకోలేదు! దాటుతోంది... ముందు చక్రం దాటింది... దాటేసింది! ఇప్పుడైనా లేస్తావా?"

"నెగుతాను సారూ, ఎవలైనా లేపితే. ఇదిగో, నానే అడుగుతున్నాను. లేపండి."

తరవాత ప్రథమ చికిత్స టెంటులో రెండు మంచాలూ నిండిపోయాయి. కుసుమకుమారి గారి మొహం వెలిగిపోతోంది. టెంటు బయట నూకమ్మ బండి వచ్చి ఆగింది. ఆదిబాబు మంచం దిగి దాని దగ్గరికి వచ్చాడు.

"ఇటు తిరుగు, ముడి ఇప్పుతాను."

"నెమ్మదిగా లాగు. తిమ్మిరెక్కిపోయేయి."

"సీఫ్ గెస్టు గోరెలగున్నారు?"

"బాగానే ఉన్నారు. కాలికి కట్టు కడతన్నారు."

"నువ్వు పొడిసింది కడుపులో కదా?"

"అదే ఆయనా సెప్తన్నారు. కుసుమకుమారమ్మగోరు ఇనట్లేదు. అది సరేగానీ, నువ్వు సెప్పు. ఎన్నోదొచ్చేవు?"

"దాటేను."

"అది తెలుసు. నంబరెంత?"

"గీత మీది సున్నం సక్రానికి అంటుకుంది, సూడు. తుడవకుండా అలగే ఇంటికి తీసుకెల్తాను."

"మాట మార్సకు, నూకమ్మా."

"అయిదు."

"అయిదా?"

"అయిదు."

"ఉన్నవే అయిదు బల్లు కదా!"

"అవును."

"అయ్యో, అయ్యో! నాను కాలవలో పడబట్టి నీ మనసు ఎనక్కి లాగేసింది. నేకపోతే నిరుడు ఫస్టులో ఉన్నదానివి ఆఖర్న రావడమేటి!"

"నా మనసు ఎనక్కేటీ లాగనేదు. బురద మెత్తగా ఉందన్నావు కదా."

"మరి సెయ్యి నొప్పెట్టిందా? బండేమైనా మొరాయించిందా?"

"నిరుడు ఎక్కడ బట్టి తోసేవన్నా?"

"సెప్పేను కదా, ఆఖర్న పది గజా..."

"అన్నా."

"యాభయ్యనుకో."

"అన్నా."

"...ఈల కాడ బట్టి."

"ఊఁ."

"నీకు తెలుసా?"

"బండిలో కూకున్నది నాను కదా. తెల్దేటి!"

"మరి ఏడాది బట్టి నూకమ్మే ఫస్టు, నూకమ్మే ఫస్టు అని ఊరంతా సాటుతుంటే ఊరుకున్నావేటి? కాదని ఒక్క మాటైనా సెప్పొచ్చు కదా!"

"ఏటని సెప్పను? ఫస్టు కాకపోతే ఎన్నోదాన్నో నాకూ తెల్దు కదా. నిరుడు ఫస్టొచ్చింది నువ్వు, అన్నా. ఈ అయిదు నాది."